యుద్ధకాలపు దస్తావేజులలో జ్వరముల పేరులు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో చాలమంది జీవితము కాగితముల నడుమ గడచినది. రిజిష్టరులోని ఒక గడిలో వ్రాసిన ఒక్క మాట ఒక కుటుంబమునకు అన్నము పెట్టగలదనియు, అదే గడిలో మరియొక మాట వ్రాసినచో ఆ అన్నము తొలగిపోవుననియు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు మీ ముందుంచదలచిన విషయము పైకి వైద్యులకు చెందినదిగా కనబడినను, నిజమునకు మనదే. పాత యుద్ధముల నాటి ఆసుపత్రి రిజిష్టరులలో, సైనికుల డిశ్చార్జి పత్రములలో, పెన్షను కాగితములలో రోగము పేరు వ్రాయు గడి యొకటి ఉండును. ఆ గడిలోని మాటలను మనమెట్లు చదువవలెనన్నదే నా ప్రసంగము.

రెమిటెంట్ ఫీవరు, ఎంటెరిక్, పి.యు.ఓ., డెబిలిటీ, డి.ఏ.హెచ్. - ఇట్టి మాటలు ఎదురైనప్పుడు నేటి పాఠకుడు నిఘంటువు తెరచి, ఒక్కొక్కదాని యెదుట నేటి రోగము పేరొకటి వ్రాసికొని తృప్తిపడును. ఆ పని అంత సులభము కాదు. పాత పేరు నేటి రోగమునకు మారుపేరు కాదు. వైద్యుడు తన కంటితో చూచినదేమి, ఆనాటికి శాస్త్రము ఎంతవరకు నడచి వచ్చినది, కార్యాలయపు నిబంధన ఏ మాటను అనుమతించినది - ఈ మూడును కలిసి ఆ గడిలోని మాటను నిర్ణయించినవి. మూడింటిలో ఏది విడిచినను మన చదువు తప్పును.

మొదట కంటికి కనబడినదానిని చూతము. సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలమున జ్వరమునకు దాని నడకనుబట్టి పేరు పెట్టెడివారు. వచ్చి, పూర్తిగా విడిచి, మరల వచ్చునది ఇంటర్మిటెంట్. కొంత తగ్గియు పూర్తిగా విడువనిది రెమిటెంట్. తగ్గుముఖమే లేక నిలిచియుండునది కంటిన్యూడ్. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. ఆయుర్వేదము విషమజ్వరమును సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని విభజించినది. ఇందులో ఒక చక్కని పోలిక కలదు. సోమవారము వచ్చిన జ్వరము మంగళవారము విడిచి బుధవారము మరల వచ్చినచో, సోమవారముతో కలిపి లెక్కించగా బుధవారము మూడవ దినమగును. కనుక మనవారు దానిని తృతీయకమనిరి. రోమనులును మొదటి దినమును కలుపుకొనియే లెక్కించిరి గనుక వారి భాషనుండి వచ్చిన పేరు టెర్షియన్. అట్లే సోమవారము వచ్చి గురువారము తిరిగి వచ్చునది మనకు చతుర్థకము, వారికి క్వార్టన్. ఈ లెక్క తెలియనివాడు టెర్షియన్ అనగా మూడుదినములు విడిచి వచ్చునదని భ్రమపడును. నిజమునకు అది మన పల్లెలలో దినము మార్చి దినము వచ్చు చలిజ్వరమే.

1880లో అల్జీరియాలోని కాన్స్టాంటీన్ పట్టణమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి నెత్తురులో పరాన్నజీవిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ ఆ జీవిని దోమ కడుపులో కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. అంతకుముందు మలేరియా అను మాటకు ఇటాలియను భాషలో చెడుగాలి యనియే అర్థము. కావున ఆ కాలమునకు పూర్వపు కాగితములో ఇంటర్మిటెంట్ అని యున్నచో, అది జ్వరము వచ్చిపోయిన తీరును మాత్రమే చెప్పును. నెత్తురు చుక్కను సూక్ష్మదర్శినిలో చూచిన సాక్ష్యము కాదు. రెండవ ప్రపంచయుద్ధపు బర్మా రంగమునకు చెందిన కాగితములలో బి.టి., ఎమ్.టి. అను పొడి అక్షరములు కనబడును. బి.టి. అనగా బినైన్ టెర్షియన్. నేడు వైవాక్స్ మలేరియా అనునది. ఎమ్.టి. అనగా మాలిగ్నెంట్ టెర్షియన్. ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ మలేరియా. పరాన్నజీవి కనబడకున్నను లక్షణములనుబట్టి మలేరియాగా ఎంచినచో క్లినికల్ మలేరియా అని వ్రాసెడివారు. ఒక్క విశేషణములో ఎంత భేదమున్నదో గమనింపుడు. ఆ రంగమున 1943లో గాయపడి తరలింపబడిన ఒక్కొక్కనికి రోగముతో తరలింపబడినవారు నూట ఇరువదిమంది చొప్పున ఉండిరని జనరల్ స్లిమ్ తన గ్రంథములో చెప్పెను. తుపాకికంటె దోమకు సైన్యము ఎక్కువ వెరవవలసి వచ్చినది.

ఇక రెమిటెంట్ అను మాట మరింత చిక్కైనది. తీవ్రమైన మలేరియా కావచ్చును, టైఫాయిడును కావచ్చును. అమెరికా అంతర్యుద్ధమున 1862లో వుడ్‌వర్డ్ అను సైనిక వైద్యుడు ఈ చిక్కునుండి బయటపడుటకై టైఫో-మలేరియల్ ఫీవరు అను పేరును ప్రవేశపెట్టెను. కాని ఆ పేరుగల రోగము వేరే యేదియు లేదని తరువాత తేలినది. ఆ గడిలో టైఫాయిడు రోగులును, మలేరియా రోగులును, రెండును గలవారును కలిసియుండిరి. అట్టి లెక్కలను నేడు యథాతథముగా కూడినవాడు లేని రోగమునకు గణాంకములు సిద్ధము చేసినవాడగును.

రెండవది, చోటునుబట్టి పెట్టిన పేరులు. క్యాంపు ఫీవరు, జైలు ఫీవరు, షిప్ ఫీవరు అని మూడు పేరులు వేర్వేరు రోగములవలె కనబడును. ఇరుకున జనము క్రిక్కిరిసి, స్నానమును మారుబట్టయు లేనిచోట వ్యాపించు టైఫస్ జ్వరమునకే ఇవి ఎక్కువగా చెల్లినవి. ఆ జ్వరమును మోసికొనిపోవునది బట్టలలో నుండు పేను అని చార్లెస్ నికోల్ 1909లో ట్యూనిస్ నగరమున నిరూపించెను. టైఫస్, టైఫాయిడు అను రెండును వేర్వేరు రోగములని ఫిలడెల్ఫియాలో గెర్హార్డ్ 1837లోను, లండనులో విలియం జెన్నర్ 1849-50లోను స్పష్టపరచిరి. అందుచేత అంతకు ముందరి కాగితములోని టైఫస్ టైఫాయిడే కావచ్చును. తరువాతి బ్రిటిషు సైనిక పత్రములలో ఎంటెరిక్ అని యున్నచో టైఫాయిడు వర్గమునకు చెందినదని గ్రహింపవలెను.

1809లో నెదర్లాండ్సు తీరమందలి వాల్చెరెన్ దీవికి బ్రిటిషువారు దాదాపు నలువదివేల సైన్యమును పంపిరి. పోరాటములో మరణించినవారు నూరుమందికి కొంచెము పైన. రోగముతో మరణించినవారు నాలుగువేలమంది. ఆ రోగమునకు వాల్చెరెన్ ఫీవరు అను పేరు స్థిరపడినది. అది ఒక్క జ్వరము కాదనియు, మలేరియా, టైఫస్, టైఫాయిడు, అతిసారము కలిసి చేసిన పని యనియు ఇప్పటి పరిశోధకుల అభిప్రాయము. క్రిమియా యుద్ధకాలమున 1855లో ఫ్లోరెన్స్ నైటింగేలును మంచము పట్టించినది క్రిమియన్ ఫీవరు. అది నేటి బ్రూసెల్లోసిస్ అయి యుండునని పలువురి యూహ. ఆ వర్గపు జ్వరమునకే మాల్టా ఫీవరు అనియు పేరు కలదు. డేవిడ్ బ్రూస్ 1887లో మాల్టాలో దాని క్రిమిని కనుగొనెను; 1905లో అది మేకపాల వలన వచ్చునని తెలిసినది. ఊరి పేరు గల జ్వరము కనబడినప్పుడు అది రోగి యెక్కడ పడిపోయెనో చెప్పును. ఎందువలన పడిపోయెనో చెప్పదు.

ఎముకలే సాక్ష్యమిచ్చినను సందేహము ఒక్క దినమున తీరదు. 1812లో నెపోలియను సైన్యము రష్యానుండి వెనుదిరుగుచు వేలకొలది నశించినది. వారిని టైఫస్ చంపినదని చిరకాలము చెప్పుకొనిరి. 2001లో విల్నియస్ నగరమున వారి సామూహిక సమాధి బయల్పడినది. 2006లో వారి దంతములను పరీక్షించినవారు టైఫస్ జాడలను, ట్రెంచ్ ఫీవరు జాడలను కనుగొన్నట్లు ప్రకటించిరి. 2025లో మరికొందరి దంతములను క్రొత్త పద్ధతులతో పరీక్షింపగా పారాటైఫాయిడు జాతి క్రిమియు, తిరుగుజ్వరము కలిగించు క్రిమియు కనబడినవి. ఒక్క పేరు క్రింద ఎన్ని రోగములు దాగియుండునో చూడుడు.

మూడవది, తెలియదని చెప్పు పేరులు. మొదటి ప్రపంచయుద్ధపు రిజిష్టరులలో పి.యు.ఓ. అను అక్షరములు పుటలు పుటలుగా కనబడును. కారణము తెలియని జ్వరమని దాని యర్థము. ఎన్.వై.డి. అనగా రోగనిర్ణయము ఇంకను కాలేదని. వీనిని చూచి వైద్యుడు శ్రద్ధ వహింపలేదని కొందరు తలంతురు. నాకు మాత్రము ఆ గడులన్నిటిలో ఇవియే మిక్కిలి నిజాయితీ గల మాటలుగా తోచును. ప్రతి వానకాలమునను మన తెలుగు పత్రికలలో విషజ్వరములు ప్రబలినవని వార్తలు వచ్చును. విషజ్వరమన్న మాటకు పరీక్ష చేసి తేల్చిన రోగమేదియు లేదు. అది మన భాషలోని పి.యు.ఓ. అనవచ్చును.

ఆ తెలియదన్న మాటనుండియే తెలివి పుట్టినది. 1915లో పశ్చిమ రంగమున కందకములలోని సైనికులకు జ్వరమును, ముంగాలి యెముకలలో తీవ్రమైన నొప్పియు వచ్చుచుండెను. తెలిసిన రోగముల జాబితాలో అది చేరలేదు. వైద్యులు దానిని వేరుగా గుర్తించి ట్రెంచ్ ఫీవరు అనిరి. దానిని వ్యాపింపజేయునది పేను అని 1918లో ప్రయోగపూర్వకముగా రుజువైనది. అయిదవ దినమున తిరుగబెట్టు స్వభావము వలన దాని క్రిమికి క్వింటానా అను పేరు వచ్చినది. ఇక్కడను ఆ పాత రోమను లెక్కయే. తెలియని జ్వరమును తెలిసినట్లు ఇన్‌ఫ్లుయెంజా యనియో, రుమాటిజమ్ అనియో వ్రాసి ఊరకున్నచో ఆ రోగము వేరుగా కనబడియే యుండదు.

నాలుగవది, ఆకలివలన వచ్చిన రోగముల పేరులు. మెసపొటేమియాలోని కూట్ పట్టణమున జనరల్ టౌన్షెండ్ సైన్యము 1915 డిసెంబరు 7నుండి 1916 ఏప్రిలు 29న లొంగిపోవువరకు ముట్టడిలో చిక్కుకొనెను. అక్కడి తెల్లసైనికులు పొట్టు తీసిన తెల్ల గోధుమపిండి రొట్టె తినిరి; వారికి బెరిబెరి వచ్చినది. భారతీయ సైనికులు ముతక ఆటా తినిరి. వారికి బెరిబెరి రాలేదు. కాని ఆచారమునకు వెరచి గుర్రపుమాంసము ముట్టనందునను, కూరగాయలు దొరకనందునను వారిని స్కర్వీ పట్టినది. ఒకే ముట్టడి; రెండు కంచములు; రెండు రోగములు. విటమిను అను మాట పుట్టి అప్పటికి నాలుగేండ్లే. బెరిబెరి మనకు దూరపు మాట కాదు. ఉత్తర సర్కారులలోని మద్రాసు సైన్యమును అది చాలకాలము పీడించినది. మాల్కంసన్ అను మద్రాసు వైద్యుడు ఆ రోగమును గూర్చి వ్రాసిన గ్రంథము 1835లో వెలువడినది. కాళ్లు ఉబ్బుట బెరిబెరి లక్షణములలో ఒకటి గనుక డ్రాప్సీ అను మాట వెనుక అది యుండవచ్చును. స్కర్వీ ఆరంభమున కీళ్లనొప్పిగా తోచును గనుక రుమాటిజమ్ అను మాట వెనుక అది యుండవచ్చును. అట్టి పంక్తిని చదువునప్పుడు ఆ దళమునకు ఆ నెలలో ఏమి రేషను అందినదో కూడ చూడవలెను.

ఇక అయిదవది, నిబంధన పెట్టిన పేరులు. మన ఉద్యోగధర్మమునకు దగ్గరగా వచ్చు భాగమిది. 1915లో మయర్స్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ అను మాటతో వ్యాసము ప్రకటించెను. అటుపిమ్మట బ్రిటిషు సైన్యమున ఆ రోగులను రెండు తెగలుగా విభజించిరి. శత్రువు ప్రేల్చిన గుండు ప్రభావమున మనస్సు చెదరినదని తేలినచో కాగితముపై డబ్ల్యూ అను అక్షరము. అతడు గాయపడినవానితో సమానుడు, చేతిపై గాయపు చిహ్నము ధరించుటకు అర్హుడు. అట్లు తేలనిచో ఎస్ అను అక్షరము. అతడు వట్టి రోగి. ఇద్దరి చేతులును ఒక్కతీరుగనే వణకుచుండవచ్చును. భేదము అక్షరములో నున్నది. 1917లో ఆ మాటనే తొలిదశలో వాడరాదని ఆజ్ఞ వెలువడి, దాని స్థానమున ఎన్.వై.డి.ఎన్., అనగా ఇంకను నిర్ణయింపబడని నరముల రోగము, అను మాట వచ్చినది. కావున 1917 తరువాతి కాగితములలో షెల్ షాక్ తగ్గినట్లు కనబడినచో, రోగము తగ్గినదని వెంటనే తలంపరాదు. మాట మారినదేమో మొదట చూడవలెను.

అట్టిదే డి.ఏ.హెచ్. గుండె నడక క్రమము తప్పినదని దాని యర్థము. గుండెదడ, ఆయాసము, నీరసము; పరీక్షించినచో గుండెలో దోషము కనబడదు. అమెరికా అంతర్యుద్ధ సైనికులలో దీనిని చూచి డా కోస్టా 1871లో వర్ణించెను. డెబిలిటీ అను మాట మరియు విశాలమైనది. దీర్ఘజ్వరము తరువాతి నీరసము, పోషణలోపము, అతిశ్రమ అన్నియు అందులో ఇమిడిపోవును. తాతగారి డిశ్చార్జి కాగితములో డెబిలిటీ అని చూచి, ఆయన దుర్బలుడనియో, పని తప్పించుకొన్నవాడనియో తలంచి ఆ కాగితమును దాచివేయు కుటుంబములు ఉండవచ్చును. ఆ మాటలో నింద లేదు. అది అలసిన దేహమును గూర్చి చెప్పినదే గాని, మనుష్యుని గూర్చి చెప్పినది కాదు.

ఈ జ్ఞానమును వాడు విధమునకు మూడు పంక్తులు ఊహించుకొందము. బస్రా, 1916 జూను, పి.యు.ఓ., నాలుగు దినములలో తిరిగి డ్యూటీకి అని యొక పంక్తి. వేసవికాలము, ఆ ప్రదేశము, మూడు నాలుగు దినములలో పూర్తిగా తగ్గుట - ఇవి శాండ్ ఫ్లై అను చిన్న ఈగవలన వచ్చు జ్వరమును సూచించును. ఫ్రాన్సు, 1917 ఫిబ్రవరి, పి.యు.ఓ., కాళ్లనొప్పి, నలువది దినములు అని రెండవ పంక్తి. చలికాలము, కందకము, దీర్ఘవ్యాధి - ఇది ట్రెంచ్ ఫీవరు కావచ్చును. రెండు గడులలోను మాట ఒక్కటే; రోగములు వేరు. 1918 అక్టోబరు, న్యుమోనియా, మూడవ దినమున మరణము అని మూడవ పంక్తి. భారతదేశమున కోటికి పైగా ప్రాణములను హరించిన ఇన్‌ఫ్లుయెంజా ఆ నెలలలోనే విజృంభించినది. ఆ మాట చాటున అది యున్నదని తలంచుటకు బలమైన కారణము కలదు. అయినను మూడుచోట్లను "కావచ్చును" అన్న మాటను విడువరాదు. 1824లో మొదటి బర్మా యుద్ధకాలమున రంగూనులోని దండులోను, కలకత్తాలోను కీళ్లనొప్పులతో వ్యాపించిన జ్వరము డెంగీయా, చికున్‌గున్యాయా అని పండితులు వాదించుచునే యున్నారు.

కనుక రోగము పేరు ఒక్కదానినే ఎత్తి వ్రాసికొనవలదు, పంక్తినంతయు వ్రాసికొనవలెను. తేదీ, చోటు, దళము, ఆసుపత్రిలో ఉన్న దినములు, అచ్చటనుండి ఎక్కడికి పంపిరి - ఇవన్నియు ఉన్నప్పుడే ఆ పేరు మాటలాడును. పొడి అక్షరములను ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి, మీ వివరణను ప్రక్కన వేరుగా వ్రాసికొనుడు. పాతమాటను చెరిపి క్రొత్తమాట పెట్టినచో తరువాతివారికి దారి మూసివేసినట్లగును. రిజిష్టరుకు ఎక్కనివారును కలరని మరువరాదు. 1942లో బర్మానుండి కాలినడకన వచ్చినవారిలో మన తెలుగు కూలీలు, వారి స్త్రీలు, బిడ్డలు ఎందరో యుండిరి. కలరా, మలేరియా, అతిసారములతో దారిలో రాలిపోయిన వేలమందికి ఏ గడిలోను ఏ మాటయు లేదు.

ఈ విచారణ పండితుల వినోదము కాదు. రోగము సైనికసేవ వలన కలిగినదా, లేక సేవవలన ముదిరినదా అను ప్రశ్న మొదటి యుద్ధమునాడు పెన్షనును నిర్ణయించినది. మన దేశమున సైనికుల అంగవైకల్య పెన్షను విషయమునను ఆ ప్రశ్నయే ప్రధానమైనది. సేవలో చేరునప్పుడు రోగమున్నట్లు కాగితములో వ్రాయనిచో, ఆ తరువాత కలిగినది సేవవలననే కలిగినదని తలంచుట న్యాయమని 2013లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పినది. వ్రాసిన మాటకే కాదు, వ్రాయని మాటకును ఎంత బలమున్నదో దీనివలన తెలియుచున్నది.

మన సంఘములో సైనికోద్యోగుల కుటుంబములు కలవు. మెసపొటేమియాలో పనిచేసిన మద్రాసు శాపర్ల దళమున తెలుగువారును ఉండిరి. మీ ఇండ్లలో అట్టి పాత కాగితములున్నచో వానిని పారవేయకుడు. చెదలు పట్టకుండ కాపాడుడు. పిల్లలకు చూపి చదివింపుడు. అందులో పి.యు.ఓ. అని యున్నచో, ఆనాడొక వైద్యుడు తనకు తెలియనిది తెలియదని వ్రాసెనని చెప్పుడు. మనలో నేటికిని రిజిష్టరులు నింపువారు కలరు. వారికి నా విన్నపమొక్కటే: చూచినది వ్రాయుడు, తెలియనిచో తెలియలేదని వ్రాయుడు, గడి నింపుటకై మాత్రము ఏ మాటయు వ్రాయకుడు.